పొగగొట్టాల మీద దరఖాస్తు

వాన ఆలస్యమైన ప్రతి ఏడూ మా బావ దేవసూగూరులో బస్సెక్కి రాయచూరులోని మా ఇంటికి వచ్చేవాడు. అక్క ఎలా ఉందో చెప్పకముందే దరఖాస్తు రాయమనేవాడు. మా ఊరి పక్క థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు మబ్బుల్ని తరిమేస్తున్నాయి, వానాకాలం అయ్యేదాకా ఆపించండి అని పైఅధికారులకు. కన్నడంలో రాయాలి, అదీ మర్యాదగా. రోజూ పొద్దున వాన కొలిచి రాసే ఉద్యోగం నాది. ఆ మాటలు నా చేత్తో రాయాలంటే ఒళ్లు మండేది.

ఎన్నిసార్లు చెప్పానో. మన వాన మన ఊళ్లో తయారు కాదు బావా అనేవాణ్ణి. ఎక్కడో తూర్పున మహాసముద్రం వేడెక్కే చోటు మారితే, గాలి పైకి లేచే చోటూ మారుతుంది. అక్కడ లేచిన గాలి వచ్చి మన నెత్తిన దిగుతుంది. దిగే గాలిలో మబ్బు నిలవదు. ఆ సముద్రం కొన్నేళ్లు ఒకే తీరుగా ఉండిపోతే మనకు కరువేళ్లు వరసకడతాయి, తీరు మారితే మంచి ఏళ్లూ అలాగే వస్తాయి. బావ అంతా విని, టీ తాగి, "సరే, ఇగ రాయి" అనేవాడు.

వరసగా మూడో ఏడు తన నాలుగెకరాల్లో కంది ఎండిపోయాక మళ్లీ వచ్చాడు. ఆ రోజు నా ఓపిక అయిపోయింది. ఆఫీసు పాత పుస్తకాల్లోంచి వాన లెక్కలు ఎత్తిరాసుకున్న నోటుబుక్కు ఆయన ముందు పడేశాను. పొగగొట్టాలకు పునాది కూడా పడని రోజుల్లో ఇంతకన్నా పొడుగు కరువులున్నాయి, చూసుకో అన్నాను. బావ చదువుకున్నది తక్కువే కానీ అంకెలు బాగా చూస్తాడు. ఒక్కో పేజీ తిప్పి చాలాసేపు చూశాడు.

"గాలి మల్ల ఎప్పుడు తిరుగుతది?" అని అడిగాడు.

తెలియదన్నాను. ఏడాది పట్టొచ్చు, ఐదేళ్లు పట్టొచ్చు.

"పొగగొట్టమైతే ఎవరినన్న అడగొచ్చు బామ్మర్ది. ఒక్క ఏడన్న ఆపుతరేమో అని చూస్తుంటి. సముద్రం మీద దరఖాస్తు యాడ ఇయ్యాలె?"

సిగ్గులేకుండా, గెలిచాననే అనుకున్నాను. ఆ నెలలోనే బావ నాలుగెకరాలూ అమ్మేశాడు. అన్నేళ్లూ ఆయన పొలం అమ్ముకోకుండా ఆపింది నేను విసుక్కుంటూ రాసిన దరఖాస్తే అని అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

రెండేళ్లకు గాలి తిరిగింది. పొగగొట్టాలు ఎప్పటిలాగే పొగ వదులుతున్నాయి, వాన కురుస్తూనే ఉంది. పొద్దున్నే నీళ్లు కొలిచి రాస్తుంటే నామీద నాకే కోపం వచ్చేది. ఆ వానల్లోనే ఒకరోజు బావ వచ్చాడు. తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, టీ తాగి, ఎంత పడిందని కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.