ఎవరైనా పిలిచారా?

వీధిలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అంటారు. ఏ బస్సు తోలుతారని కొత్తవాళ్ళు అడిగితే, "బస్సు కాదండీ, కంప్యూటర్లో నెట్‌వర్కు కార్డని ఉంటుంది. దాన్ని నడిపించే ప్రోగ్రాముని కూడా డ్రైవరే అంటారు" అని ఇరవై రెండేళ్ళుగా చెబుతోంది. విన్నవాళ్ళు తలూపి, "అయితే లైసెన్సు అక్కర్లేదన్నమాట" అంటారు. ఆమెకు కోపం రాదు. నవ్వేస్తుంది.

ఆ శుక్రవారం మాత్రం లేచింది మొదలు నవ్వలేదు. మధ్యాహ్నం పన్నెండులోగా ఆమె రాసిన కొత్త డ్రైవరు పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే పాతదే మార్కెట్లోకి వెళుతుంది. ఆమె మాత్రం వాడకం పుస్తకాలు రాసే గదిలోకి వెళ్ళి కూర్చోవాలి. ఆ గదికి కిటికీ కూడా లేదు.

సంగతేమిటంటే, వైరు మీంచి సమాచారం చిన్నచిన్న పొట్లాలుగా వస్తుంది. పాకెట్లంటారు. పాత డ్రైవరులో ఒక్కో పాకెట్టుకీ కార్డు ఒక్కో గంట కొట్టేది. కంప్యూటరుకు మెదడులాంటి ప్రాసెసరు, చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. సెకనుకు లక్ష గంటలు మోగితే ఇక పనేం చేస్తుంది? లేవడానికీ కూర్చోవడానికే పొద్దు చాలదు. లోకంలో చాలా కొలువులు ఇలాగే గడిచిపోతాయి. ఏ రైల్వే స్టేషనులోనైనా చూడండి, విచారణ కిటికీ వెనక మనిషి తలెత్తి జవాబులు చెప్పీ చెప్పీ, ముందున్న కాగితంలో మొదటి పంక్తి సాయంత్రానికి కూడా దాటడు. ఆయన గోడు మరోసారి చెప్పుకుందాం.

డ్రైవరమ్మ పద్ధతి మార్చింది. మొదటి గంట వినగానే గంట కట్టేయడం, కార్డు పక్కన బుట్టలాంటి చోట చేరిన పాకెట్లను అరవై నాలుగేసి చొప్పున తోడేయడం, బుట్ట ఖాళీ అయ్యాక మళ్ళీ గంట విప్పడం. వేగం మూడింతలైంది. కానీ ఏ లక్షలోనో ఒక పాకెట్టు బుట్టలో అలాగే పడి ఉండేది. వెనక ఇంకోటి వచ్చి గంట కొడితేగాని కదిలేది కాదు. పరీక్షలు చేసే పెద్దాయన్ని ఆఫీసులో కొర్రీల మామ అంటారు. తొమ్మిది రోజులుగా ఆయనది ఒకటే కేక: "ఇంకోటి పడుకుందమ్మోయ్! జోల నువ్వు పాడావా, నేను పాడానా?"

ఇంట్లో అత్తగారు దర్జీ. చిరుగులు కుడుతుంది, బిగుతు బట్టలు వదులు చేస్తుంది. డెబ్భై మూడేళ్ళు, చెవిలో వినికిడి మిషను. పని పేరుకుపోతే ఆవిడ ఆ చెవి మిషను ఊడదీసి డబ్బాలో పెడుతుంది. గుమ్మం పక్క బుట్టలో జనం పడేసి వెళ్ళిన బట్టలన్నీ వరసబెట్టి కుట్టేస్తుంది. బుట్ట ఖాళీ అయ్యాక చెవి మిషను తగిలించుకుని, "ఎవరైనా పిలిచారా?" అని కేకేసి, గుమ్మం దాకా వెళ్ళి చూసొస్తుంది. ఇంటిల్లిపాదికీ అదో నవ్వులాట.

ఆ పొద్దున టీ వేళకీ అదే జరిగింది.

"ఎవరైనా పిలిచారా?"

"ఎవరూ పిలవలేదమ్మా!" అన్నాడు కొడుకు, అంటే డ్రైవరమ్మ భర్త. "ఇప్పుడేగా బుట్ట ఖాళీగా ఉందని చూశావు. మళ్ళీ ఏం చూడ్డం?"

"చూసిందెప్పుడురా? ఇది చెవిలో పెట్టుకోకముందు. ఇది సర్దుకునేలోగా ఎవరైనా వచ్చుంటేనో? ఓసారి ఒక పెళ్ళికొడుకు కోటు పట్టుకుని గుమ్మంలో గంటసేపు నిలబడ్డాడు. పిలవొచ్చుగా నాయనా అంటే, ఒకసారి పిలిచానండీ, రెండోసారంటే మొహమాటం అన్నాడు!"

డ్రైవరమ్మ కప్పు కింద పెట్టేసింది. "అత్తయ్యా, మళ్ళీ చెప్పండి."

"ఏది, పెళ్ళికొడుకు సంగతా?"

"దానికి ముందుది!"

"నీకూ చెవుల్లో దూదేనటే అమ్మాయ్?"

చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. బుట్ట ఖాళీ అని చూడడానికీ, గంట విప్పడానికీ నడుమ రెప్పపాటులో వెయ్యోవంతు సందుంది. ఆ సందులో వచ్చిన పాకెట్టుకి గంట లేదు. కార్డేమో ఆ పెళ్ళికొడుకు లాంటిదే, రెండోసారి పిలవదు. గంట విప్పాక బుట్ట ఇంకోసారి చూడాలి. అంతే!

"మా కార్డూ మీ పెళ్ళికొడుకు లాంటిదే అత్తయ్యా!" అంటూ చెప్పుల జత కూడా సరిగ్గా చూసుకోకుండా ఆఫీసుకి వెళ్ళింది. రాసింది నాలుగే పంక్తులు: గంట విప్పాక మళ్ళీ చూడు, ఏమైనా ఉంటే గంట కట్టేసి తోడు. పై పంక్తిలో, తర్వాత చదివేవాళ్ళ కోసం, "ఎవరైనా పిలిచారా?" అని రాసిపెట్టింది.

పదింటికి కొర్రీల మామ పరీక్ష మొదలెట్టాడు. పదకొండు దాటింది. కేక లేదు. పన్నెండుకి అయిదు నిమిషాలుండగా వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు.

"తొంభై లక్షలు పంపానమ్మోయ్. ఒక్కటీ పడుకోలేదు. నాకే కునుకు పట్టింది." తెర మీదికి వంగి చూశాడు. "ఇదేమిటి, ఎవరైనా పిలిచారా అట?"

"మా అత్తగారి సూత్రం మామా."

"ఆవిడ ఏ కంపెనీ?"

"ఇంటి దగ్గరే. సొంతం."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు కుట్టుమిషను మీద ఉంది; చెవి మిషను డబ్బాలో ఉంది. డ్రైవరమ్మ గుమ్మంలో ఒకసారి పిలిచి, చెప్పులు విడిచి, బుట్ట పక్కనే కూర్చుంది. కాళ్ళకున్నవి రెండూ వేరువేరు జతలవని అప్పుడు చూసుకుంది. చివరి గుండీ కుట్టి, దారం పంటితో కొరికి, అత్తగారు చెవి మిషను తగిలించుకుంది.

"ఎవరైనా పిలిచారా?"

"పిలిచానత్తయ్యా! నెగ్గింది!"

"నాకు తెలుసులే. ఇంతకీ ఆ కార్డు పెళ్ళికొడుక్కి కోటు ఎప్పటికి కావాలిట?"