సెసిలప్ప నన్ను నిలబెట్టిన చోటు

మొన్న పుంగనూరులో బంధువుల పెళ్ళికి పోయి, కల్యాణ మండపంలో పంక్తిలో కూర్చున్నాను. ఆకు పక్కన పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్ళు ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టాయి. బయట డీజే బాక్సులు పెట్టారన్నమాట. పాట ఏదో చెవికి ఇంకా అందలేదు. పాట అడుగున మోగే ఆ దుమ్ దుమ్ మాత్రం ముందుగా నేలలోంచి కాళ్ళకు, బల్లలోంచి గ్లాసుకు వచ్చింది. నీళ్ళ మీద చిన్న చిన్న గుండ్రాలు లేచాయి. మోత పెరగ్గానే పక్కన కూర్చున్నావిడ చెవులు మూసుకుని, "ఏం మోతమ్మా ఇది, నెమ్మదిగా అన్నం కూడా తిననియ్యరు" అని విసుక్కుంది. నేను అరచెయ్యి బల్ల మీద ఆనించి కళ్ళు మూసుకున్నాను. మా కోడలు సుమ అది చూసి, "ఏమత్తా, సెసిలప్ప వచ్చినాడా?" అని నవ్వింది. వచ్చాడు. గ్లాసులో నీళ్ళు వణికితే చాలు, ఆయన వచ్చేస్తాడు.

సెసిలప్ప మాకు బంధువు కాదు, ఈ దేశపు మనిషి కూడా కాదు. జమైకా అనే దీవిలో పుట్టి, వయసులో ఓడెక్కి లండన్ పోయి, అక్కడ అడుగు మోత పలికించే బేస్ గిటార్ వాయించి, ముసలితనంలో మదనపల్లెలో మా పక్కింటికి వచ్చి చేరాడు. అసలు పేరు సెసిల్. మా వైపు మగవాడి పేరు చివర అప్ప లేకపోతే నోటికి తృప్తి ఉండదు, అందుకని వచ్చిన కొన్నాళ్ళకే సెసిలప్ప అయ్యాడు. ఆయన భార్య రూతక్క మా వీధిలో పుట్టిన మనిషే. నర్సు చదువు చదివి చిన్న వయసులోనే లండన్ ఆసుపత్రిలో ఉద్యోగానికి పోయింది. రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తూ మిషనులో వేలు నలిగి ఆయన కట్టు కట్టించుకోవడానికి వచ్చాడట. నొప్పి సంగతి ఎత్తలేదట. ఈ వేలు మళ్ళీ తీగ నొక్కుతుందా అని ఒక్కటే అడిగాడట. "ఆ మాటకే పడిపోయినా మే" అని రూతక్క నాతో ఎన్నిసార్లు చెప్పిందో. ఉద్యోగాలు ముగిశాక ఇద్దరూ వచ్చి, ఆమె పుట్టింటికి సున్నం కొట్టించుకుని ఉండిపోయారు. వీధిలో వాళ్ళు ఉప్పుకనీ చింతపండుకనీ వంక పెట్టుకుని ఆయన్ను చూడడానికి పోయేవాళ్ళు. మా అత్త చెంగమ్మ కూడా పోయి చూసొచ్చి, "ఏముండాది, మన కంటే ఒక పిసరు నలుపు, రెండు జానలు పొడుగు. అంతే కదా" అని తేల్చేసింది.

మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. ఆ గోడకు నేను చెక్క అర కొట్టించి గ్లాసులు, గిన్నెలు బోర్లించుకునేదాన్ని. అప్పట్లో నేను టమాటా మండీలో కాయలు ఏరే పనికి పోతుండేదాన్ని. పండ్లు వేరు, దోరవి వేరు, పగిలినవి వేరు చేసి క్రేట్లలో పెట్టాలి. లారీల మోతలో ఈ కొసనుంచి ఆ కొసకు వినబడేట్టు అరవాలి కాబట్టి నా గొంతు మండీ గొంతు. ఒకరోజు పని నుంచి వచ్చి సంగటికి ఎసరు పెడుతుంటే అర మీద గ్లాసులన్నీ గిలగిల వణికాయి. ఒకటి దొర్లి కింద పడింది. కొంగు దోపుకుని పక్కింటికి పోయాను.

"ఏమక్కా, మా గ్లాసులన్నీ వణకతాండాయి. మీ ఇంట్లో పిండిమర పెట్టినారా ఏంది?"

"పిండిమర కాదు మే, మా ఆయన" అంది రూతక్క. "లోపలికి రా, తిట్టేదేదో ఆయన్నే తిట్టు."

పెద్ద స్పీకరు పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని బేస్ గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడాయన. తెల్లటి జుట్టు పత్తికాయ విచ్చినట్టుంది. నేను చెప్పింది విని ముఖమంతా వెలిగిపోయింది. "వణకతాండాయా? నిజంగానా? ఏ గ్లాసు?" అని రూతక్క దగ్గర నేర్చుకున్న మా మాటల్లోనే అడిగాడు. అడిగి ఊరుకోలేదు. రూతక్కను ఆ గిటారు మీటమని కూర్చోబెట్టి, మా గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చి, వణుకుతున్న గ్లాసులను కన్నబిడ్డ తొలి అడుగులు చూసినట్టు చూశాడు. తిట్టడానికి పోయినదాన్ని సంగటి పెట్టి పంపాను. ఊరుబిండి పచ్చడి అద్దుకుని తిని, "మా అమ్మ మొక్కజొన్న పిండితో అచ్చం ఇట్లనే కెలికేది" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో సంగటి చేసిన రోజల్లా ఆ ఇంటికొక ముద్ద పోయేది. సాయంత్రాలు నేనూ అత్తా వాళ్ళ వరండాలో చేరేవాళ్ళం.

ఆయన పాత రికార్డులు పెట్టేవాడు. స్కా అనీ, రెగ్గే అనీ, సోల్ అనీ పేర్లు చెప్పేవాడు. నాకు మాత్రం అన్నీ గోడ పాటలే. లండన్‌లో వాళ్ళకు గది దొరకడమే గగనమయ్యేదట. అద్దెకిచ్చే ఇళ్ళ కిటికీల్లో నల్లవాళ్ళకు ఇచ్చేది లేదని అట్టముక్క మీద రాసి పెట్టేవాళ్ళట. డాన్సు హాళ్ళలోకి రానివ్వకపోతే, వాళ్ళు ఇళ్ళ కింద నేలమాళిగల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టుకుని ఆడుకునేవాళ్ళట.

అది విని మా అత్త వక్క కొరుకుతూ అంది: "మా ఊర్లో అట్ట కూడా అక్కర్లేదప్పా. ఎవురు యాడ నిలబడాల్నో రాయకుండానే అందురికీ తెలుసు."

 సెసిలప్ప లేచి, తన కుర్చీ జరిపి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు.

ఆయన బేస్ వాయించిన పాటలు రికార్డు చేసింది కూడా ఒక అంగడి వెనకున్న నేలమాళిగలోనే. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి, మధ్యలో ఒకటే మైకు పెట్టి, అందరూ ఒకేసారి వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావాలి. పగలంతా ఫ్యాక్టరీల్లో, బస్సుల్లో, రైల్వేలో పనిచేసి వచ్చిన మనుషులు. అంత చేస్తే రికార్డు మీద పాడినావిడ పేరొకటే ఉంది. నేను అట్టను తిప్పి తిప్పి చూశాను. ఇంగ్లీషు రాకపోయినా ఉన్నది ఒక్క పేరేనని తెలుస్తుంది కదా. "నీ పేరు యాడుండాదప్పా?" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని స్పీకరు పెట్టె మీద ఆనించాడు. అరచేతిలోకి, మోచేతిలోకి ఆ దుమ్ దుమ్ పాకింది. "ఈడ" అన్నాడు.

మా అత్తకు ఆ పాటలు నాకంటే ముందే పట్టుబడ్డాయి. "గిటారు వాడు దెబ్బ పడే తావున కొట్టడు, లేచే తావున కొడతాండాడు. రాగి నారు నాటేటప్పుడు మేం పాడేది కూడా అంతే. వంగినప్పుడు ఊపిరి, చెయ్యి లేచినప్పుడు పాట" అంది. సెసిలప్ప తొడ చరిచి, "అదేనమ్మా!" అన్నాడు. ఇంకోసారి ఆమె, "ఆ బూర ఊదేవాడు యాడనో దూరంగా ఉన్నట్టుండాడే?" అని అడిగింది. "మెట్ల మీద ఉండాడు" అని నవ్వి ఊరుకున్నాడు.

మా అత్తది బైరెడ్డిపల్లె వైపు. నాట్లలో ముందుపాట ఆమెది. ఆమె ఒక వరస అంటే మిగతా ఆడవాళ్ళు అందుకోవాలి. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పొడుగాటి పాట ఒకటుంది. నారు పోసింది మొదలు కుప్ప నూర్చేదాకా సాగుతుంది. అది మొత్తంగా వచ్చింది ఆమెకొక్కదానికే. నాకు అందుకునే వరసలే వచ్చు. ఆ కాలంలోనే ఆమె గొంతు దగ్గర గడ్డ లేచింది. ఆసుపత్రిలో చూపిస్తే కోసి తీయాలన్నారు. గొంతు మునుపటిలా ఉంటుందో లేదో చెప్పలేమని కూడా అన్నారు. నేను ఏడుస్తుంటే, "యాల ఏడుస్తావు మే? మనిషి ఉంటే చాల్దా? ఆ పాట ఇప్పుడు ఎవురికి కావాల?" అని నన్నే కసిరింది. కానీ ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని, ఆ పాట గొణుక్కుంటూ మధ్యలో ఆగి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవడం విన్నాను.

పొద్దున్నే గోడ అవతలనుంచి సెసిలప్ప వచ్చాడు. ఆయనా విన్నాడు. "కత్తి పడకముందే రికార్డు చేయాల" అన్నాడు.

మదనపల్లెలో అప్పట్లో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు ఉన్నారుగానీ, పాట రికార్డు చేసే గది కుప్పంలో ఉందని రూతక్క కనుక్కుంది. మండీలో నాతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళను అందుకోవడానికి పిలుచుకుని, సద్ది కట్టుకుని, అందరం బస్సెక్కాం. బైరెడ్డిపల్లె దాటేటప్పుడు అత్త కిటికీలోంచి చేలు చూస్తూ పెదాలు కదిలిస్తూనే ఉంది.

గది బస్టాండు దగ్గర ఒక మేడ మీద. నడిపే పిల్లాడు శరవణ మర్యాదస్థుడే. అత్తను అద్దాల గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. ముందు ఆమెది, తర్వాత మాది విడివిడిగా తీసి అతుకుతానన్నాడు. కీబోర్డు తాళం వేశాడు. అత్త నోరు తెరిచింది, మాట రాలేదు. ఇంకోసారి వేశాడు. సగం వరసలో ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, "నా గొంతు నా చెవిలోనే అరస్తాండాది నాయనా. ఎదురుగా మనిషి లేకుండా ఎట్ల పాడేది? పోదాం పామ్మే రెడ్డెమ్మా" అంది. ఎల్లుండి ఆపరేషన్. ఇప్పుడు పోతే ఇంక లేదు.

సెసిలప్ప లేచాడు. కీబోర్డు ఆపమన్నాడు, అందరినీ లోపలికి రమ్మన్నాడు. మధ్యలో ఒకటే మైకు పెట్టించాడు. "అట్ల చేస్తే ఎవురి గొంతు వాళ్ళకి సరి చేసేదానికి కుదరదు సార్" అన్నాడు శరవణ. "మిషను సరి చేయదు. మనుషులు జరిగి సరి చేస్తారు" అన్నాడు ఈయన.

అత్తను మైకు ముందు నిలబెట్టాడు. ఎదురుగా మమ్మల్ని చూడగానే ఆమెకు ప్రాణం వచ్చింది. పాట ఎత్తింది. నేను అందుకున్నాను. తర్వాత విని చూస్తే అంతా నేనే. అత్త గొంతు నా గొంతు కింద చీమలా నలిగిపోయింది. ఈసారి నేను గొంతు తగ్గించి పాడాను. అది ఇంకా అన్యాయంగా ఉంది. అత్తకు ఊపు పోయి పాట చప్పబడింది. సెసిలప్ప వచ్చి నా భుజాలు పట్టుకుని వెనక్కి నడిపించాడు. గోడ దాకా, తలుపు దాకా, తలుపు దాటి మెట్ల మీదికి. తలుపు తెరిచే ఉంచాడు. నాకు ముఖం కందిపోయింది. అత్తను ఇన్నాళ్ళు చూసుకున్నది నేను, ఇంతమందిలో నన్నే గడప బయట పెడతాడా అనిపించింది.

"నన్ను ఈడ పెట్టి పాడిస్తావా అప్పా? నేనేం తప్పు చేసినా?"

ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "ఆ రికార్డులో బూర ఉండాది కదా, దూరంగా? వాడు నా స్నేహితుడు. అందురికంటే గట్టిగా ఊదేవాడు. పాడే పాప గొంతు దారం మాదిరి. మెల్లగా ఊదమంటే వాని ఊపిరి చచ్చిపోయేది. అందుకే మెట్ల మీద నిలబడి, రొమ్ము నిండా ఊదినాడు. వాడు లేకపోతే ఆ పాట లేదు." నా వైపు తిరిగి, "మమ్మల్ని బయట నిలబెట్టినోళ్ళు శానా మంది. ఇది అది కాదు. గొంతు తగ్గించొద్దమ్మా. దూరం జరుగు, అంతే" అన్నాడు.

అక్కడినుంచి తలుపులోంచి అత్త కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఆమె ఎత్తింది. నేను మండీలో అరిచినట్టు గొంతు నిండా అందుకున్నాను. నారు పోసింది మొదలు కుప్ప నూర్చేదాకా ఎక్కడా ఆగలేదు. మధ్యలో కింద బస్సు హారన్ కొట్టింది, ఆమె దగ్గింది, దగ్గి నవ్వింది, మళ్ళీ అందుకుంది. శరవణ మొదట తల అడ్డంగా ఊపి, పోను పోను తాళం వేయడం మొదలుపెట్టాడు. ఆ హారనూ దగ్గూ తీసేస్తానంటే సెసిలప్ప ఒప్పుకోలేదు. సీడీ అట్ట మీద ఎవరి పేరు వేయాలని అడిగితే, "అందురివీ" అన్నాడు. అట్లాగే వేయించాడు. చెంగమ్మ కింద మండీ ఆడవాళ్ళ పేర్లు, వాటి కింద "మెట్ల మీద నిలబడి పాడినది రెడ్డెమ్మ" అని. తన పేరు మాత్రం వేయనివ్వలేదు.

ఆపరేషన్ బాగానే అయింది. గొంతు బొంగురుపోయి వచ్చింది. "గుమ్మడికాయ గీరినట్టుండాది" అని అత్త సిగ్గుపడితే, సెసిలప్ప, "లండన్‌లో ఇట్లాంటి గొంతు కోసం ఎగబడతారమ్మా" అన్నాడు. ఆ గుమ్మడికాయ గొంతుతోనే ఆమె ఇంకా చాలా ఏళ్ళు మమ్మల్ని తిట్టింది, పాడింది. తర్వాత ఆమె పోయింది, ఆ తర్వాత సెసిలప్ప. రూతక్క ఉంది, సంగటి ముద్ద ఇప్పటికీ పోతూనే ఉంది. ఆ పాట పెట్టుకుని స్పీకరు మీద చెయ్యి ఆనించినప్పుడు, అడుగున ఒక మెత్తటి చప్పుడు తగులుతుంది. నా పక్కన మెట్టు మీద కూర్చుని ఆయన చెప్పుకాలితో వేసిన తాళం అది.

మొన్న పెళ్ళిలో డీజే కాసేపు ఆపి, ఆడవాళ్ళను పాట పాడమన్నారు. అందరూ నా వైపే చూశారు. నేను సుమ వైపు చూశాను. ఆ సీడీ వినీ వినీ పాటంతా నేర్చుకున్న పిల్ల, నలుగురిలో నోరు విప్పదు. "నువ్వెత్తు" అన్నాను. ఎత్తింది. దారం లాంటి గొంతు. నేను లేచి, కుర్చీల మధ్యనుంచి, పంక్తి దాటి, గుమ్మం దాటి, బయట వంటవాళ్ళ గుండిగల దాకా నడిచాను.

"యాడికత్తా?" అన్నట్టు సుమ కళ్ళు నన్ను వెతికాయి. గుమ్మం బయటినుంచి చెయ్యెత్తి చూపించాను. చూసింది. ఊపిరి తీసుకుంది. రెండో వరసకు నేను గొంతు నిండా అందుకున్నాను.