నాలుగో చుక్క

నేను మందులు పరీక్షించే ల్యాబులో చేరిన కొత్తలో, ఏ లెక్క తప్పినా అందరూ ముందుగా సింకు వైపే చూసేవారు. సింకు దగ్గర ఉండేది నేను. దేవరుప్పుల నుంచి బస్సెక్కి, జనగామ దాటి వెళ్లి, పొద్దంతా గాజుసామాను కడిగేదాన్ని. అప్పటికి ఇరవై నిండాయో లేదో. అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం ధారాళంగా వచ్చేది (అదే నా చదువని మా అమ్మ అనేది).

అక్కడొక సారు ఉండేవాడు. ఎప్పుడూ గీత, గీత అంటూ తిరిగేవాడు కాబట్టి మా ఆయాలందరికీ ఆయన గీత సారు. ఒకే మందును ఐదు సీసాల్లో పలుచన నుంచి చిక్కన దాకా కలిపి మిషన్‌కు ఎక్కిస్తే, కంప్యూటర్ మీద ఐదు చుక్కలు పడతాయి. ఐదూ తాడు లాగి కట్టినట్టు ఒకే గీత మీద నిలబడాలి. ఆ రోజు నాలుగో చుక్క కిందికి జారింది.

"సీస సరిగ్గ కడగలె. అండ్ల ఏదో మిగిలింది. రేపటి సంది నువ్వు రాకు," అన్నాడు సారు.

రాకపోతే మళ్లీ పత్తి ఏరడానికి పోవాలి. ఇంట్లో బియ్యం నా జీతంతోనే వచ్చేవి. తల వంచుకుని పోవలసినదాన్ని, సింకుకు అడ్డంగా నిలబడ్డాను. "నేను కడిగిన సీసలనే మిషన్ల పెట్టి చూడుండ్రి. ఏమన్న ఉంటే నేనే పోత."

గొడవ విని పెద్ద మేడం వచ్చింది. నేను కడిగిన సీసాలో నీళ్లు పోసి ఆడించి, ఆ నీళ్లను మిషన్‌కు ఎక్కించింది. తెర మీద వెంట్రుకంత ఉబ్బు కనిపించింది.

"గదిగో!" అన్నాడు సారు.

"ఆగండి సార్. ఇది హద్దుకు కిందుంది. ఇంత చిన్నగుంటే ఏమన్న ఉందో లేదో మిషన్ చెప్పలేదు," అంది మేడం.

"మిషనే చెప్పలేంది సారెట్ల చెప్తడు మేడం?" అన్నాను. మేడం నవ్వాపుకోవడానికి దగ్గింది. నేను అక్కడితో ఆగలేదు. "సారు ఫోన్ల మాట్లాడుకుంట నాలుగో సీసల నీళ్లు దాని మెడ మీది గీత దాట పోసిండు. దాటినయని మీదికెళ్లి ఇంత వొంపిండు. మజ్జిగల నీళ్లెక్కువైతే, మీద మీద వొంపితే చిక్కగైతదా?"

మేడం ఆ సీసా ఒక్కటీ మళ్లీ కలిపించింది. చుక్క బుద్ధిగా వెళ్లి గీత మీద కూర్చుంది.

జరిగింది కాగితం మీద పెట్టాలని మేడం నా మాటలు తెలుగులో రాసి, ఇంకు డబ్బా ముందుకు జరిపింది. చదివి వినిపించమన్నాను. "కలపడంలో పొరపాటు జరిగింది," అని చదివింది. నేను బొటనవేలు వెనక్కి తీసుకున్నాను.

"ఎవరు కలిపిండ్రో గూడ రాయుండ్రి. నేనైతే నా పేరు రాయకపోతుంటిరా?"

సారు గోడకేసి చూస్తుండగా మేడం ఆయన పేరు రాసింది. అప్పుడు వేశాను వేలిముద్ర, కాగితం చిరిగేంత గట్టిగా.

పని పోలేదు. ఇప్పుడు సంతకం చేయడం వచ్చింది, చదవడమూ వచ్చింది. ఏ కాగితమిచ్చినా పూర్తిగా చదివి, నలుగురినీ అడిగి, తప్పు కనిపించినా ఎందుకొచ్చిన తంటాలే అనుకుని సంతకం పెట్టేస్తుంటాను. ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఇది చూస్తే నన్ను ఎంత తిట్టేదో అనుకుంటే నవ్వొస్తుంది.