కంది బ్యాడ మీద బొట్టు

అనంతపురంలో ఒక కాలేజీ ప్రయోగశాలకు అటెండరు కదిరప్ప. భక్తి కాస్త ఎక్కువే. దండం పెట్టందే మైక్రోస్కోపు మూత కూడా తీయడు. విద్యార్థులు నవ్వితే, "అన్నం పెట్టేది ఇదే కదప్పా" అనేవాడు.

1958లో లెక్చరరు జయరాముడు సారుకు దూరదేశపు వేధశాల నుంచి ఒక గాజుపలక వచ్చింది. ఆకాశానికి తీసిన ఫోటో అది. గాజు మీద సన్నటి మందు పూత, అందులో వెలుతురు పడినచోటల్లా నల్లచుక్కలు. రెండేళ్లు ఉత్తరాలు రాసి తెప్పించుకున్నాడు సారు. దాని మీద పరిశోధన రాయాలని ఆయన ఆశ. భూతద్దం కింద పప్పుబద్దలాంటి ఒక చుక్కను కదిరప్పకు చూపించాడు.

"కంది బ్యాడ మాదిరి ఉండాది చూడు. ఒక్క చుక్క కాదప్పా, కోట్ల సూర్యుల గుంపు. చుట్టూ ఉండేటివీ అట్లాంటి గుంపులే. ఈ వెలుతురు బయల్దేరినప్పుడు భూమ్మీద మనిషే పుట్టలేదు."

కదిరప్ప చెప్పులు విడిచొచ్చి మళ్ళీ చూశాడు.

దసరా సెలవుల్లో ఆయుధపూజ వచ్చింది. త్రాసులకూ కటకాలకూ బొట్లు పెట్టాక, ఆ పలక ఒక్కదాన్నే వదిలేయడానికి అతనికి మనసొప్పలేదు. మూలన పెడితే అవమానమని పసుపు తడిపి, కుంకుమ అద్ది, సరిగ్గా కంది బ్యాడ మీదే పెట్టాడు. మరునాడు తుడిస్తే బొట్టుతో పాటు పూతా ఊడి వచ్చింది. అక్కడ వట్టి గాజు మిగిలింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

సెలవులయ్యాక సారు పలకను కిటికీకెత్తి చూసి, అలాగే కుర్చీలో కూలబడ్డాడు. "ఎవరు తుడిచినారు దీన్ని?"

"బల్లలు తుడిచేది చౌడమ్మ కదా సార్" అన్నాడు కదిరప్ప.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆ సాయంత్రానికే చౌడమ్మ పని పోయింది. "నేను ముట్టలేదు నాయనా" అని గడపలో నిలబడి పదిసార్లు చెప్పింది. ఇంకో పలక రాలేదు. సారు పరిశోధన మానుకుని, మరుసటేడు వేరే ఊరు వెళ్లిపోయాడు.

చౌడమ్మ రోడ్డు పక్క కంకర కొడుతూ కనబడితే కదిరప్ప సందు మారేవాడు. రేపు చెబుదామనుకునేవాడు. ఆ రేపటికి ఎనిమిదేళ్లు పట్టింది. పిరికివాడు, ఆ సంగతి అతనికీ తెలుసు.

1966 కరువులో గంజి కేంద్రంలో వడ్డించడానికి వెళ్లాడు. వరసలో చెంబు పట్టుకుని చౌడమ్మ వచ్చింది. తప్పుకునే దారి లేదు.

ఆమే ముందు పలకరించింది. "అన్నా, ఆ సారు యాడున్నాడో చెప్పు, కాళ్ళు పట్టుకోవల్ల. ముట్టలేదు ముట్టలేదు అంటి గానీ, అందరూ అనంగా అనంగా నాకే గుర్తొచ్చినాది. తడిగుడ్డతో నేనే తుడిచింటా. దాంట్లో కోట్ల సూర్యులంట, అన్నిటినీ చెరిపితినే, ఈ వానలు రాకపోయేది అందుకేనేమో."

కదిరప్ప గరిటె కింద పెట్టేశాడు. "నువ్వు కాదు చౌడమ్మా. బొట్టు పెట్టింది నేను, తుడిచింది నేను. నీ మీదికి తోసింది నేనే."

చౌడమ్మ అతని మొహంలోకి చూసి నవ్వింది. "నన్ను ఓదార్చేకి నా పాపం నీ నెత్తిన వేసుకుంటాండావు. నీయంత మంచోడు యాడ ఉంటాడన్నా!"

ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. గంజి పోయించుకుని, చెంబు ఒక చేత పట్టుకుని, రెండో చేయి నుదుటికి ఆనించి అతనికి దండం పెట్టి వెళ్లిపోయింది.