పాప కోసం ఇచ్చిన మూడు నంబర్లు

పాపను డేకేర్‌లో చేర్చిన రోజు, దాన్ని నడిపే అక్క నన్ను మూడు ఫోన్ నంబర్లు అడిగింది. నాది, మా ఆయనది, మా అత్తది చెప్పాను. "ముగ్గుర్లో ఎవురో ఒకరు ఎత్తుతారు కదమ్మా?" అంది. "ముగ్గురం ఎత్తలేదంటే లోకం మునిగిపోయినట్టేలే అక్కా" అని నవ్వాను. నా నోటికి తొందరెక్కువ.

అప్పటికి పాపకు రెండేళ్లు నిండలేదు. అంతకు ముందు ఎండాకాలంలో జ్వరం ముదిరి ఒకసారి ఫిట్స్ వచ్చింది. కళ్లు తేలేసి, ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయింది. ఇనుము చేతిలో ఉంటే ఫిట్స్ ఆగుతుందని మా అత్త బీరువా తాళాలు తెచ్చి దాని పిడికిట్లో పెట్టింది. డాక్టరు మాత్రం తాళాలు ఎందుకూ పనికిరావన్నాడు. నోట్లో ఏమీ పెట్టొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆగకపోతే ముక్కులో ఈ మందు కొట్టి వెంటనే తీసుకురండి అన్నాడు. జ్వరం వచ్చినప్పుడల్లా మళ్లీ రావచ్చట, కొంచెం పెద్దదయ్యేదాకా జాగ్రత్తగా ఉండాలట. ఆ రోజు నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు.

అందుకే డేకేర్ సంచి నేనే సర్దాను. ముక్కులో కొట్టే మందు, జ్వరం సిరప్పు, థర్మామీటరు. పాప బొమ్మనే పక్కకు తిప్పి పడుకోబెట్టి, మందు ఎలా కొట్టాలో అక్కకు చూపించాను. మళ్లీ చూపించాను. "ఎన్నిసార్లు సూపిస్తావమ్మా, నేనూ బిడ్డల్ని పెంచినదాన్నే" అని ఆమె విసుక్కుంది. ఇంటికొచ్చి చూస్తే సంచి జిప్పుకు ఒక పాత తాళంచెవి వేలాడుతోంది. అత్త కట్టింది. నేను విప్పేశాను. మర్నాడు మళ్లీ కట్టింది. ఆమెతో గెలవలేక వదిలేశాను.

నేను పనిచేసేది రేణిగుంట దగ్గర ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో. పొద్దస్తమానం ఫోన్లు బిగించే మేము, మా ఫోన్లు మాత్రం గేటు దగ్గర లాకర్లో పెట్టి లోపలికి పోవాలి. మళ్లీ ముట్టుకునేది భోజనాలప్పుడే. మా ఆయన తిరుపతి నుంచి కొండకు టాక్సీ తోలుతాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఫోన్ ఎత్తనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నది నేనే. ఇక మిగిలింది అత్త. ఆమె ఇంటిపట్టునే ఉంటుంది, ఫోన్ చేతిలోంచి దిగదు. నా ధైర్యమంతా ఆమె నంబరే.

ఒక రోజు అత్త కొండకు పోయింది. నెలకోసారి మా ఊరివాళ్లకు దర్శనం ఇచ్చే రోజు అది. బిడ్డకు మళ్లీ ఫిట్స్ రాకుండా చూడు సామీ అని మొక్కుకుని, ఫోన్ కౌంటర్లో ఇచ్చేసి క్యూలో నిలబడింది. ఆమె పోతున్నట్టు నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. పొద్దున పాప ఒళ్లు చల్లగానే ఉంది, తడిమి తడిమి చూసి మరీ వదిలాను. మూడు ఫోన్లూ ఒకేసారి మూగబోతాయని మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

భోజనాలప్పుడు లాకర్ తెరిస్తే ఫోన్ నిండా అక్క చేసిన కాల్సే. వెంటనే తిరిగి చేశాను.

"యాడ పోయినారమ్మా ముగ్గురూ?" అంది అక్క. గొంతులో కోపం, ఏడుపు కలిసిపోయి ఉన్నాయి. "ఉన్నట్టుండి జరం వచ్చింది, దాని ఎనకే ఫిట్సు. మందు కొట్టి ఆటోలో ఆస్పత్రికి తెచ్చినా. ఇప్పుడు నిద్రపోతా ఉండాది. నువ్వు రా."

రేణిగుంట నుంచి తిరుపతి ఎంత దూరమని? ఆ రోజు ఆటో ఎంతకీ ఊరు చేరలేదు. దారిలో సామిని మొక్కానో తిట్టానో నాకే తెలియదు.

ఆస్పత్రిలో అక్క చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. మిగతా పిల్లల్ని పక్కింటామెకు అప్పగించి పరిగెత్తుకొచ్చిందట. పాప చేతికి సూది గుచ్చి ఉంది. రెండో పిడికిట్లో అత్త కట్టిన తాళంచెవి.

"మందూ కొట్టినా, తాళమూ పెట్టినా. ఏది పన్జేసిందో నాకు తెలీదు" అంది అక్క. తర్వాత నా మొహం చూడకుండా, "తల్లి యాడ అని డాక్టరు అడిగినాడమ్మా. నాకు ఏం సెప్పాల్నో తెలీలేదు" అంది.

సాయంత్రం అత్త లడ్డు సంచితో నేరుగా ఆస్పత్రికే వచ్చింది. ఫోన్ ఎందుకు ఇచ్చేశావని నేను ఆమె మీద అరిచాను. "బిడ్డ కోసరమే కదమ్మా పోయినా" అని ఆమె మంచం అంచున కూలబడింది. ఘాట్ దిగాక కాల్స్ చూసుకుని పరిగెత్తుకొచ్చిన మా ఆయన మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. నాకు అందరి మీదా కోపంగా ఉంది, ముఖ్యంగా నా మీద.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, అప్పుడు ఫ్యాక్టరీ ఆఫీసుకు పోయి గేటు ఫోన్ నంబరు అడిగాను. అది సొంత పనులకు కాదన్నారు. ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఆ నంబరు అక్కకు ఇచ్చి, "పనిచేస్తుందో లేదో ఎప్పుడైనా ఒకసారి చేసి చూడక్కా" అన్నాను. తర్వాత ఆ మాట నేనే మరిచిపోయాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున లైన్లో పనిచేస్తుంటే సూపర్‌వైజర్ వచ్చి, "నిన్ను గేటు కాడికి రమ్మంటా ఉండారు. డేకేర్ నుంచి ఫోనంట" అన్నాడు. చేతిలోది అక్కడే పడేసి, తల టోపీ కూడా తీయకుండా పరిగెత్తాను. గేటు దాకా ఎలా పోయానో గుర్తులేదు. సెక్యూరిటీ ఆయన రిసీవర్ అందించాడు.

"పాప బాగుండాదమ్మా. సేసి సూడమన్నావు కదా, సేసినా" అంది అక్క.

సెక్యూరిటీ ఆయన కుర్చీలో కూర్చుండిపోయాను. ఫోన్‌లో అక్క వెనకాల మా పాప ఎవరితోనో బొమ్మ కోసం పోట్లాడుతూ గొంతు చించుకుంటోంది. ఆ అరుపు వింటూ నేనూ ఏడ్చాను. ఆయన పాపం నీళ్ల సీసా నా ముందు పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏందమ్మా, ఏడస్తా ఉండావా? ఇంగ సెయ్యొద్దా?" అని అక్క కంగారుపడింది.

"చెయ్యక్కా, నెలకోసారి చెయ్యి" అన్నాను కళ్లు తుడుచుకుని. "అత్త కొండకు పోయే రోజే చెయ్యి."