మా అమ్మ మబ్బును తిట్టిన రోజు

మా చిన్నప్పుడు... అంటే అరవైల మొదట్లో... మా ఊరి కొండమీది బురుజును కాపాడే సైన్యం మొత్తం మేకలే. గడ్డాలున్న సేనానులు నలుగురు, మిగతావన్నీ వాటి పిల్లలు.

అంతకుముందు ఆ బురుజుకు గొప్ప చరిత్రే ఉంది లెండి. పాలెగాళ్ల కాలంలో శత్రువు వస్తుంటే అక్కడ మంట వేసేవాళ్లట. తర్వాత దొరల సిపాయిలు అద్దంతో ఎండను తళుక్కుమనిపించి, ఒక కొండనుంచి ఇంకో కొండకు కబురు పంపేవాళ్లట. ఆ సిపాయిల్లో ఒకడైన మస్తాన్ తాత, పింఛనుతో పాటు ఆ విద్యనూ మా వీధికి తెచ్చాడు.

ఎదురు కొండ కింద మా అక్క అత్తగారి ఊరు. రెండో కాన్పు అక్కడే. "కాన్పు సుఖంగా అయితే కొండెక్కి అద్దం మూడుసార్లు మెరిపిచ్చు నాయనా" అని తాత మా బావకు నేర్పి పంపాడు.

మొదటి కాన్పుకే అక్క చావు తప్పి బయటపడింది... అందుకే నెలలు నిండినప్పటినుంచి అమ్మ రోజూ మధ్యాహ్నం నన్ను వెంటేసుకుని బురుజెక్కేది. ఎర్రటి నేల, ఎండలో తేలిపోయే ఊళ్లు, రాళ్ల సందుల్లో గాలి ఈల... లోకమంతా కూర్చునే కల కంటున్నట్టుండేది.

అక్కకు నొప్పులు మొదలయ్యాయని ఓ మనిషి వచ్చి చెప్పాడు. ఆ రోజే, ఏళ్లుగా ముఖం చూపని మబ్బు వచ్చి కొండమీద కూర్చుంది. వాన! మేం అక్క దగ్గరికి బయల్దేరేలోపే వంక పొంగి దారి తెగింది. ఊరంతా తడుస్తూ చిందులు... మా అమ్మ ఒక్కతే బురుజుమీద ఆకాశానికి చెయ్యి చూపిస్తూ...

"ఇన్నేండ్లు యాడ సచ్చినావే? నా బిడ్డ కబురొచ్చే పొద్దే దొరికిందా నీకు? పో ఈడ్నించి!"

"ఏమ్మా, వానను తిడతాండావా? ఊరోళ్లు ఇంటే నిన్ను కొండమీంచి తోస్తారు!" అన్నాడు తాత, గొడుగు పట్టి.

చివరికి ఒక మధ్యాహ్నం మబ్బు చీలింది. ఎదురు కొండమీద తళుక్... తళుక్... తళుక్... తళుక్... తళుక్... ఆగదే!

అమ్మ ముఖం పాలిపోయింది. "మస్తాన్ మామా, మూడే కదా అంటివి?"

"మీ అల్లునికి సంతోషమెక్కువై లెక్క మర్చిపోయినాడులేమ్మా!"

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. పోతున్న మబ్బుకు దండం పెట్టి, "తల్లీ, ఇంక రా... ఎంతైనా కురువు" అంది.

మబ్బుకు రోషమెక్కువ. ఆ తర్వాత రెండేళ్లు మా ఊరివైపు చూడలేదు. ఆ కరువుకు మా ఊళ్లో ఇప్పటికీ మా అమ్మ పేరే.

ఇప్పుడా బురుజు పక్కన సెల్ టవర్. అక్క ఫోన్ చేస్తే "పనిలో ఉన్నా, తర్వాత చేస్తా" అంటున్నాను... ఒక్క మెరుపు కోసం ఎండలో కళ్లు చికిలించుకుని నిలబడిన పిల్ల నేనేనా?

మీ ఊరి కొండ ఎవరి కబురు మోసేది... చెప్పండి, వింటాను.