బఫర్ నిండితేనే బండి

మా ఆయన చేసిన ఆఖరి మామూలు పని, చేతిలోకి తీసుకున్న బండి తాళాన్ని మళ్ళీ మేకుకు తగిలించడం. నేను కొత్తిమీర ఒక్కటే చెప్పాను మరి. శ్యాంసుందర్ గారు ఒక్క పని కోసం బండి తీసే మనిషి కాదు. కనీసం నాలుగు జమ కావాలి. ఆ సాయంత్రం ఆయన గుండె మాత్రం ఇంకో పని కోసం చూడకుండా ఆగిపోయింది.

ఉద్యోగమంతా సి లాంగ్వేజ్ చెప్పి, రిటైరయ్యాక భీమారంలో మా ఇంటి ముందు గదిలోనే ట్యూషన్ పెట్టారు. ఒకరోజు ఆఫ్రీన్ అనే విద్యార్థిని ల్యాప్‌టాప్‌ను గుర్రుగా చూస్తోంది.

"సార్, 'లెక్క చేస్తున్నాను' అని ప్రింట్ చెయ్యమన్న. లెక్క ఐతాంది గని ఆ ముక్క తెర మీదికి వస్తలేదు."

"అది అన్నది బిడ్డా. బయటికి రాలే, అంతే. ప్రింటెఫ్ ఒక్కొక్క అక్షరం పట్టుకొని తెర దాక ఉరుకుతదా? లోపల బఫరని ఒక సంచి అసొంటిది ఉంటది, అండ్ల జమ చేసుకుంటది. లైన్ పూర్తయితెనో, బఫర్ నిండితెనో అన్నీ ఒక్కసారే పంపుతది."

"నాకు ఇప్పుడే కావాలె గద సార్."

"వెనుక ఎఫ్‌ఫ్లష్ పెట్టు. ఉన్నకాడికి పంపుతది."

వంటింట్లోంచి నేనన్నాను: "అదేదో మీ సార్‌కు గూడ పెట్టు ఆఫ్రీన్. సోమవారం చెప్పిన కొత్తిమీర ఇయ్యాల్టికీ రాలే."

"అదింక బఫర్ల ఉన్నది పద్మా," అన్నారాయన.

"మధ్యల ప్రోగ్రాం కూలిపోతే సార్?" అంది ఆ పిల్ల.

"లోపలిది లోపల్నే పోతది."

"ఇక్కడ చారు కూలిపోయింది," అన్నాను నేను.

తీరా బయల్దేరితే వీధి పనులన్నీ ఒకే సంచీలో వచ్చేవి. గిర్నీలో పట్టించిన పిండి, టైలర్ ఇచ్చిన నా నల్ల జాకెట్టు కలిసే ప్రయాణం చేసేవి. ఆ జాకెట్టు దులిపితే రాత్రికి రొట్టెలయ్యేవి. కొత్తిమీరైతే ఇల్లు చేరేసరికి తలవాల్చేసేది. చౌరస్తా నుంచి ఇంటికి అంతసేపేమిటంటే, "ట్రాఫిక్," అనేవారు.

పక్కింటి సమ్మమ్మక్క ఒంటరిది. ఎడమ కన్ను పోయింది. కుడిది నిలవాలంటే చుక్కల మందు ఒక్కరోజూ తప్పొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆమె పట్టుదల అంతకన్నా గట్టిది. "నా ఒక్కదాని కోసం ఎవలన్న బండి తీస్తే, ఆ మందు ఏసుకోను," అనేది. అన్నంత పనీ చేసేది. ఎడమ కన్ను పోయింది అట్లాగే.

అయితే మా ఆయన బండి ఒక్క పనికి కదలదని వీధంతటికీ తెలుసు. ఆయన గేటు దగ్గర నిలబడి కేకేసేవారు.

"అక్కా, కొత్తిమీర, గిర్నీ, టైలరు. చౌరస్తాకు పోతాన. ఇంకేమన్న ఉన్నదా?"

"ఎట్లనూ పోతానవ్ గద తమ్మీ. ఆ చుక్కల సీస ఒకటి పట్టుకరా. అదే దారేనా?"

"కూరగాయల పక్కన్నే అక్కా, మందుల షాపు."

ఆయన పోయాక అక్క మందు అయిపోవచ్చింది. నేనూ ఆయనలాగే గేటు దగ్గర నాలుగు పనులు ఏకరువు పెట్టి, పాత ఖాళీ సీసా ఒకటి అడిగి తీసుకున్నాను. కూరగాయల పక్కనున్న షాపులో ఆ మందు లేదు. ఆ వరసలో ఎక్కడా లేదు. ఎన్నడూ తెప్పించలేదట. హసన్‌పర్తిలో కంటి దవాఖాన ఎదురుగా అడగమన్నారు. అది మా ఇంటి నుంచి చౌరస్తాకు పూర్తిగా ఎదురు దిక్కు. ఆటో ఎక్కాను.

అక్కడి మందుల షాపు నడిపే ఇర్షాద్ సీసా చూడగానే గుర్తుపట్టాడు.

"శ్యాంసుందర్ సార్‌ది గదమ్మా ఇది. సార్ రాలేదా?"

చెప్పాను. అతను కొత్త సీసా తీసి పాతదాని పక్కన పెట్టాడు.

"ఇంత దూరం వచ్చిండ్రు, గోలీలో, దగ్గు మందో ఇంకేమన్న తీసుకపోండ్రి సార్ అంటే, 'వద్దు ఇర్షాద్, ఈ ఒక్కదానికే వచ్చిన' అనేటోరమ్మా. ఎప్పుడచ్చినా అదే మాట."